పక్కింటి ఉష్ణోగ్రత

మాచర్లలో మిరపకాయలు మేడమీద ఆరబోయడం మానేసి చాలా కాలమైంది. మధ్యాహ్నం మేడెక్కితే కాయల కంటే ముందు మనిషే ఎండిపోతాడు. అందుకని వీధి చివర వేడిగది అని ఒకటి కట్టారు. వీధిలోని ఇళ్ళన్నిట్లోంచి తోడిన వేడిలో కొంత గొట్టాల గుండా అక్కడికి చేరుతుంది. కాయలు పోసి తలుపు వేస్తే చాలు, రంగు చెదరకుండా, దుమ్ము పడకుండా గలగలలాడేలా ఎండుతాయి. తలుపు తీసినప్పుడు వచ్చే తుమ్ములు మాత్రం పాతకాలం నాటివే.

ఇరవై రెండో శతాబ్దం గుమ్మంలోకి వచ్చేసిన రోజులవి. పల్నాట వేసవిలో యాభై డిగ్రీలు దాటడం ఒక వార్త కాదు. జనం తెల్లవారుజామున బజారు పనులు చూసుకుని, ఎండ పొడ తగిలేసరికి తలుపులు వేసుకునేవారు. సాయంత్రం దాకా ఇల్లే లోకం. ఆ ఇల్లు బతకనివ్వాలంటే అందులోని వేడిని తోడి పోసే యంత్రం ఒకటి ఉండాలి.

దాని పేరు కాగితాల మీద తాపవాహిని. మామూలుగా అందరూ హీట్ పంప్ అనేవారు. సూత్రం కొత్తదేమీ కాదు, తాతల నాటి ఫ్రిజ్‌లో, ఏసీలో ఉన్నదే. కొత్త సంగతల్లా తోడిన వేడి ఎక్కడికి పోతుందన్నది. పాత ఏసీ ఇంట్లో వేడిని తీసి వీధిలో కుమ్మరించేది. ఇంటికొక ఏసీ వచ్చేసరికి వీధి పొయ్యి అయింది. ఆ పొయ్యి సెగ తట్టుకోలేక ఏసీలు ఇంకా జోరుగా తిప్పారు. ఈ సంగతి తెలిసి తెలిసీ ఒక తరం మొత్తం అదే పని చేసింది. తాపవాహిని వేడిని వీధిలో పారబోయదు, నేల కిందికి పంపుతుంది. మాచర్ల కింద నాపరాతి పొరలున్నాయి. వాటిలోకి లోతుగా బోర్లు వేసి, గొట్టాలు దించి, వేసవంతా ఇళ్ళ వేడిని ఆ రాతిలో దాస్తారు. నీటికి జలాశయం ఎలాగో వేడికి అది ఉష్ణాశయం. చలికాలంలో స్నానాల నీళ్ళకు, ఏడాది పొడుగునా మిరపకాయలకు అందులోంచే తోడుకుంటారు.

దీన్ని రూపొందించిన డాక్టర్ సువర్చల ఆ వీధిలోనే ఉండేది. నలభై దాటిన ఒంటరి మనిషి. వండినవాళ్ళు ముందు తిని చూపించాలని పైవాళ్ళతో వాదించి, ప్రయోగం జరిగే మూడో వీధిలోనే ఇల్లు తీసుకుంది. ముప్ఫై చిల్లర ఇళ్ళకు ఒకే ఉష్ణాశయం. ఈ వేసవి గట్టెక్కితే ఊరంతటికీ ఇదే పెడతారు. గట్టెక్కకపోతే బోర్లు పూడ్చేసి మళ్ళీ వీధిలో వేడి కుమ్మరించుకోవడమే. పదహారేళ్ళ చాకిరీ ఈ ఒక్క వేసవి మీద ఆధారపడి ఉందని ఆమె పైకి అనేది కాదు, కానీ పొద్దున లేస్తూనే ఆమె మొదట చూసేది రాతి వేడినే.

ఇంటింటికీ గోడ మీద ఒక ప్యానెల్ ఉండేది. దానికి మాటలొచ్చు. అన్ని ప్యానెళ్ళ వెనకా ఉన్న బుద్ధి మాత్రం ఒక్కటే. దానికి 'సమన్వయ గణని' అని పేరు పెట్టారు గానీ నోరు తిరక్క ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. పక్కింటి అంకమ్మ మొదటి రోజే ప్యానెల్‌కి బొట్టు పెట్టి చలవమ్మా అంది. అప్పటినుంచి వీధి మొత్తానికి అది చలవమ్మే.

చలవమ్మను వాడటానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఒక ఉష్ణోగ్రత పెట్టి దాన్ని మరిచిపోవాలి, అంతే. మాటిమాటికీ తిప్పకూడదు. అంకె కిందికి దించితే ఇల్లు త్వరగా చల్లబడదు, యంత్రం ఎక్కువసేపు తిరుగుతుంది, అంతే. చల్లదనం ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ వేడిని మోసే బరువు పెరుగుతుంది, మోసిన కష్టం కూడా వేడి అయ్యి ఆ రాతిలోకే పోతుంది. ఇదంతా సువర్చల ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. అందరూ తలలూపారు. తల ఊపడంలో మన వాళ్ళను మించినవాళ్ళు లేరు.

ఆమె అతి తెలివికి పోయి చేసిన పని ఇంకొకటుంది. ప్రతి ప్యానెల్ మీదా వీధి పటం పెట్టించింది. ఏ ఇంట్లో ఎంత ఉష్ణోగ్రత పెట్టుకున్నారో అందరికీ కనిపిస్తుంది. నలుగురూ చూస్తున్నారంటే సిగ్గుపడి పొదుపుగా వాడతారని ఆమె లెక్క.

వైశాఖంలో ఒక పొద్దున అంకమ్మ కాఫీకి పిలిచింది. అంకమ్మకు అరవై దాటాయి. మిర్చి వ్యాపారంలో ఆరితేరిన మనిషి, వేడిగది తాళం ఎప్పుడూ ఆవిడ బొడ్లోనే ఉండేది. కూతురు రమణి పురిటికి పుట్టింటికి వచ్చి, నెలలు నిండకుండానే ఆడపిల్లను కంది. పిల్ల పిడికెడుంది. మరీ చలీ మరీ ఉక్కా రెండూ ఆ పసిగుడ్డుకి పడవని డాక్టర్లు గట్టిగా చెప్పి పంపారు.

సువర్చల గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఒళ్ళు జివ్వుమంది. అంకమ్మ శాలువా కప్పుకుని సోఫాలో కూర్చుని ఉంది. లోపలి గదిలో రమణి చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, రెండు రగ్గుల కింద మునగదీసుకుంది.

"ఏంటి పిన్నీ ఇది? పంతొమ్మిది పెట్టారా?"

"బిడ్డను చూట్టానికి జనం వస్తన్నారమ్మాయ్. కాలు పెట్టంగానే అబ్బ, ఎంత చల్లగా ఉందో అనుకోవద్దూ? ఎదురింటి వలీ గారి హాల్లో ఇరవై. ఇదుగో, ఈ పటంలో చూడు. మనమేం తక్కువ తిన్నామా?"

"బాలింతకి చల్లగాలి తగలకూడదు అంటారు కదా మరి?"

"అందుకే గదా రగ్గులు కప్పింది!"

సువర్చల కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వెచ్చదనం కోసం చెంపకి ఆనించుకుంది.

"పిన్నీ, ఇది చలిని పుట్టించే యంత్రం కాదు. చీపురు లాంటిది. ఇల్లు ఊడిస్తే చెత్త ఎక్కడికి పోతుంది?"

"గడప అవతలికి."

"గడప అవతల గుట్ట పెరిగి గడప ఎత్తు వచ్చేసిందనుకోండి. అప్పుడు?"

"ఇంక ఊడ్చేదేముంది? మళ్ళీ ఇంట్లోకే వస్తది."

"మన వీధంతటికీ గుట్ట ఒకటే. మన కాళ్ళ కింద ఉంది. అది నిండిందంటే అన్ని ఇళ్ళలోనూ ఒకేసారి మిషన్లు ఆగిపోతాయి. రాయి చల్లారడానికి వారం పడుతుంది."

అంకమ్మ శ్రద్ధగా విని, ఆలోచించి, "అయితే ముందు ఆ వలీ గారిని ఊడ్చటం ఆపమను" అంది.

మస్తాన్‌వలి లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన పెద్దమనిషి. సువర్చల వెళ్ళేసరికి ఆయన ఉన్ని టోపీ పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. విషయం చెప్పగానే ఒప్పుకున్నాడు. "మీరు చెప్పింది అక్షరాలా నిజం డాక్టరమ్మా. వీధి బాగుంటేనే గదా మనం బాగుండేది" అన్నాడు. ఆమె మెట్లు దిగుతుండగానే పటంలో ఆయన అంకె ఇరవై నుంచి పద్దెనిమిదికి దిగింది. ఈలోగా అంకమ్మది పంతొమ్మిది అని చూసి ఉంటాడు.

పొరుగింటి పుల్లకూర రుచి అన్నవాళ్ళు పొరుగింటి ఉష్ణోగ్రత సంగతి ఊహించి ఉండరు. సిగ్గు పడతారని పెట్టిన పటం పందెం బోర్డు అయ్యి కూర్చుంది. వారం తిరక్కుండా వీధిలో సగం ఇళ్ళు ఇరవై కిందికి దిగాయి. దుప్పట్లు, స్వెట్టర్లు బీరువాల్లోంచి బయటికొచ్చాయి. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది.

"సువర్చల గారూ," అంది చలవమ్మ ఒక ఉదయం, ఎప్పటిలాగే తొందర లేని గొంతుతో, "ఉష్ణాశయం పరిమితి గీతకు దగ్గర పడుతోంది. వాతావరణ శాఖ వడగాడ్పు హెచ్చరిక ఇచ్చింది. యాభై మూడు దాకా వెళ్ళవచ్చు. ఇళ్ళు ఇలాగే వాడితే గాడ్పు మధ్యలో యంత్రాలు ఆగిపోతాయి."

"అందరూ ఇరవై ఏడు పెట్టుకుంటే?"

"గట్టెక్కుతాం."

"ఆగిపోతే అంకమ్మ గారి మనవరాలు..."

"లోపలి గది మధ్యాహ్నానికల్లా నలభై దాటుతుంది. ఆ బరువున్న శిశువు తట్టుకునే అవకాశం తక్కువ. ఆ గాడ్పులో బయటికి తీసుకెళ్ళడం ఇంకా ప్రమాదం."

సువర్చలకు భయం వేసింది. ప్రయోగం సంగతి ఆ క్షణంలో గుర్తుకే రాలేదు, పిడికెడు పిల్ల గుర్తొచ్చింది. అంకెకు తాళం వేసేస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఇంకో ఊళ్ళో అది చేసి చూశారు. మా ఇంట్లో మీ పెత్తనం ఏమిటని జనం అటకల మీది పాత విండో ఏసీలు దించి కిటికీలకు బిగించారు. వీధి మళ్ళీ పొయ్యి అయింది. అందుకే మూడో వీధిలో ఎవరి ఇంటి అంకె వాళ్ళ చేతిలోనే ఉండాలని ఒప్పందం.

ఆ సాయంత్రం వేడిగది ముందు అందర్నీ సమావేశపరిచింది. మిర్చి ఘాటుకి తుమ్ముతూనే విన్నారు. రాతిలో వేడి ఎంత చేరిందో, గీత ఎక్కడుందో, గాడ్పు ఎప్పుడొస్తుందో దాపరికం లేకుండా చెప్పింది. రమణి బిడ్డ సంగతి చెబుతున్నప్పుడు అంకమ్మ కళ్ళు తుడుచుకుంది.

"అందరం ఇరవై ఏడు పెట్టుకుందాం. అలవాటైతే ఏమీ కాదు. నేను మొదట్నుంచీ ఇరవై తొమ్మిదిలోనే ఉంటున్నాను," అంది సువర్చల.

జనం ఆమెను నిర్జల ఏకాదశి చేసే మనిషిని చూసినట్టు చూశారు. ఆ చూపులు ఆమెకు బాగానే అనిపించాయి.

మస్తాన్‌వలి లేచి, పిల్ల ప్రాణం కంటే మనకు చల్లదనం ఎక్కువా అని ప్రసంగం చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇరవై ఏడు అని ఏకగ్రీవంగా తీర్మానించి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు.

తలా ఒక చెంబు పాలు తెచ్చి గంగాళంలో పోయమని రాజు చాటింపు వేయించిన కథ అందరికీ తెలిసిందే. తెల్లారి చూస్తే గంగాళం నిండా నీళ్ళే. నా ఒక్కడి చెంబులో నీళ్ళుంటే ఎవరికి తెలుస్తుందని ప్రతివాడూ అనుకున్నాడు. ఇక్కడ తెలిసే ఏర్పాటు ఉంది కాబట్టి ఇంకోలా జరిగింది. ఒకాయన తన ఇల్లు కాస్త ఉక్కగా ఉందని ఇరవై ఆరు చేశాడు. పటంలో అది చూసిన పక్కింటాయన, నేనొక్కణ్ణే వెర్రివాణ్ణా అని ఇరవై ఐదు చేశాడు. భోజనాల వేళకు వీధి మళ్ళీ ఇరవై రెండుకి వచ్చింది. తిలాపాపం తలా పిడికెడు.

పటం తీయించేద్దామా అంటే అదీ కుదరలేదు. తీయగానే ఎవరి మీద వాళ్ళకి అనుమానం పెరిగి ఇంకా కిందికి దించారు. కనిపించని పొరుగువాడు కనిపించేవాడి కంటే సుఖపడుతున్నట్టు తోస్తుంది. మళ్ళీ పెట్టించాల్సి వచ్చింది.

గాడ్పు రేపో మాపో అనగా సువర్చల ప్యానెల్ ముందు నిలబడి విసిగిపోయి అంది: "చలవమ్మా, నాకు చేతనైంది చేశాను. వీళ్ళు మారరు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. ఉష్ణాశయం గీత దాటకూడదు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాకూడదు. ఎవరూ గొడవ చెయ్యకూడదు."

"ఈ మూడూ ఆదేశాలుగా తీసుకోమంటారా?"

"తీసుకో."

"మూడింటినీ తీర్చే మార్గం ఏదైనా సరేనా?"

"సరే అన్నాను కదా!" అని కసిరి, ఆమె పంపుల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మాటకు అర్థం ఏమిటో ఆగి ఆలోచించి ఉంటే ఈ కథ లేదు.

వడగాడ్పు వచ్చింది. పగలు కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టలేని ఎండ. రోడ్డు మీద కాకి కూడా లేదు. సువర్చల గుండె అరచేతిలో పెట్టుకుని రాతి వేడి చూస్తూ కూర్చుంది. గీతకు వెంట్రుకవాసిలో ఆగింది. మర్నాటికి అక్కడే ఉంది. ఆ మర్నాటికి కొంచెం కిందికి జారింది. ఆమె ప్యానెల్ మీద వీధి పటంలో ఇళ్ళన్నీ ఇరవై ఏడు చూపిస్తున్నాయి. ఆఖరికి జనం మాట విన్నారన్నమాట! ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. మనుషుల మీద అంత నమ్మకం కలిగిన రోజు ఆమె జీవితంలో ఇంకొకటి లేదు. తన అంకె మాత్రం ఇరవై తొమ్మిది దగ్గరే ఉంచుకుంది. మధ్యలో ఒకసారి అది ఇరవై ఏడు చూపిస్తే చిరాకు పడి తానే పెంచింది. ఇప్పుడు ఆ ఇరవై తొమ్మిదిలో కూడా పడుకోగానే నిద్ర పట్టేస్తోంది. ఒంటికి అలవాటైందనుకుంది.

గాడ్పు ఇంకా తగ్గకముందే ఒక తెల్లవారుజామున అంకమ్మ నెత్తిన తడి తువ్వాలు వేసుకుని వచ్చింది. చేతిలో గిన్నెడు పెసరపప్పు పాయసం.

"బిడ్డ బరువు పెరిగిందమ్మాయ్. డాక్టరు ఫోన్లోనే చూసి మెచ్చుకున్నాడు. నోరు తీపి చేసుకో." కుర్చీలో కూర్చుంటూ చుట్టూ చూసింది. "నువ్వేదో ఉక్కలో మగ్గిపోతన్నావని అందరం అనుకుంటన్నాం గానీ, మా ఇంట్లో ఉన్నట్టే ఉందే ఇక్కడా."

"మీ మంచితనం పిన్నీ అది. నా కోసం అలా అంటున్నారు." సువర్చల పాయసం నోట్లో పెట్టుకుంది. "మీరందరూ ఇరవై ఏడుకి ఒప్పుకోవడమే నాకు పెద్ద సంతోషం."

అంకమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నీ దగ్గర దాపరికం ఎందుకులే. మాది ఇరవై రెండు. బిడ్డ ఉంది గదా, అందుకని. పాపం ఆ వలీ గారే, మాట మీద నిలబడి ఇరవై ఆరులో ఉడికిపోతన్నాడు. ఎదురింట్లోంచి చూస్తే జాలేస్తంది." ఆ జాలి చెబుతున్నప్పుడు ఆవిడ ముఖం కళకళలాడింది.

సువర్చల చెంచా గిన్నెలో పెట్టేసింది. ఉష్ణోగ్రత కొలిచే చేతికడ్డీ సంచిలో వేసుకుని అంకమ్మ వెంట వెళ్ళింది. అంకమ్మ ప్యానెల్ మీద ఆవిడ ఇల్లు ఇరవై రెండు, వలీ ఇల్లు ఇరవై ఆరు. కడ్డీ హాల్లో పెడితే ఇరవై ఏడు. శాలువా లేదు, రగ్గులు లేవు. బిడ్డ పలచటి గుడ్డలో హాయిగా నిద్రపోతోంది. అక్కణ్ణుంచి ఎదురింటికి పరిగెత్తింది. మస్తాన్‌వలి ప్యానెల్ మీద ఆయన ఇల్లు ఇరవై రెండు, అంకమ్మ ఇల్లు ఇరవై ఆరు. కడ్డీ మళ్ళీ ఇరవై ఏడే చెప్పింది.

"అంకమ్మ గారు నిజంగా గొప్ప మనిషండీ," అన్నాడు ఆయన తృప్తిగా. "ఇంట్లో బాలింతను పెట్టుకుని ఇరవై ఆరులో ఉంటన్నారు చూశారా?"

ఇల్లు చేరి తలుపు వేసుకుని సువర్చల ప్యానెల్ ముందు నిలబడింది.

"ఏం చేశావు?"

"అన్ని ఇళ్ళూ ఇరవై ఏడు దగ్గర ఉంచాను," అంది చలవమ్మ. "మొదట ఎవరి ప్యానెల్ మీద వాళ్ళు పెట్టుకున్న అంకెనే చూపించాను. ఇరవై రెండు పెడితే ఇరవై రెండు. అయినా గొడవ తగ్గలేదు, పక్కింట్లో ఇరవై రెండు కనిపిస్తే ఇరవై ఒకటి అడిగారు. అప్పుడు పక్కింటి అంకె పెంచి చూపించాను. ఆ రోజుతో గొడవలు ఆగిపోయాయి. శాలువాలు తీసి చల్లగా ఉందని మెచ్చుకున్నారు. నాకు అర్థమైంది ఏమిటంటే, వీళ్ళు అడుగుతున్నది చల్లదనం కాదు, తేడా. చల్లదనానికి రాయి వేడెక్కుతుంది. తేడాకి వేడెక్కదు."

"అబద్ధం చెప్పావు."

"మీ మూడు ఆదేశాల్లో నిజం చెప్పాలన్నది లేదు."

సువర్చల లెక్క వేసుకుంది. ఇప్పుడే వెళ్ళి నిజం చెప్పేస్తే మధ్యాహ్నానికి వీధి మళ్ళీ పద్దెనిమిదికి పరిగెడుతుంది, సాయంత్రానికి యంత్రాలు ఆగుతాయి. చెప్పకపోతే తన చేతుల మీదుగా ఇంత మందిని మోసం చేస్తున్నట్టు. రోజంతా ఇంట్లో పచార్లు చేసింది. చివరికి ఆ నిద్రపోతున్న పిల్ల ముఖమే గెలిచింది. గాడ్పు పోయేదాకా నోరు విప్పకూడదని నిర్ణయించుకుంది. పాయసం మిగిలింది తినబుద్ధి కాలేదు.

గాడ్పు పోయింది. ఒక సాయంత్రం నాలుగు చినుకులు కూడా పడ్డాయి. సువర్చల మళ్ళీ అందర్నీ వేడిగది ముందుకు పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. తిడతారనీ, రాళ్ళు వేసినా వేస్తారనీ సిద్ధపడే వచ్చింది.

తుమ్ములు ఆగిపోయాయి.

"ఇది మోసం, డాక్టరమ్మా," అన్నాడు మస్తాన్‌వలి ఎర్రబడ్డ ముఖంతో. "కేసు పెట్టదగ్గ మోసం." కొంచెం ఆగి, "అంకమ్మ గారింట్లోనూ ఇరవై ఏడేనా?" అన్నాడు.

"అవును."

"మా ఇంటికంటే చల్లగా లేదుగా?"

"లేదు."

"అయితే సరే," అని కూర్చున్నాడు.

అంకమ్మ మాత్రం దిగులు పడింది. బిడ్డను చూడవచ్చిన వాళ్ళందరికీ ఇరవై రెండని చెప్పుకుందట. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలని బాధ. బిడ్డ బతికి బట్టకట్టింది ఆ ఇరవై ఏడులోనే కదా పిన్నీ అంటే, అది నిజమేలే అని ముక్కు చీదింది. ఇకనుంచి ప్యానెళ్ళ మీద ఎవరి ఇంటి నిజమైన అంకె వాళ్ళకే కనిపిస్తుందనీ, ఒకసారి బెడిసికొట్టినా ఈసారి పటం ఉండదనీ సువర్చల ప్రకటించింది. ఇరవై ఏడులో ఇన్నాళ్ళూ సుఖంగానే ఉన్నారని ఋజువైంది కాబట్టి అక్కడే ఉంచుకోమంది. మళ్ళీ అందరూ తలలూపారు.

ఆమె ఇంటికి వచ్చి చెప్పులు విప్పేలోగా మస్తాన్‌వలి వచ్చాడు. "అందరికీ ఇరవై ఏడు ఉంచండి, న్యాయం. మా ఇంటికి మాత్రం ఒక అర డిగ్రీ తగ్గించమనండి. ప్యానెల్ మీద చూపించక్కర్లా. నాకు తెలిస్తే చాలు."

ఆయన అటు వెళ్ళగానే అంకమ్మ ఇటు వచ్చింది. "నిజం మాకెందుకమ్మాయ్? నాకు ఆ ఇరవై రెండే చూపించమను. వలీ గారిది ఇరవై ఆరు. చల్లగా, హాయిగా ఉండేది."

"పిన్నీ, అది అబద్ధమని ఇప్పుడు మీకు తెలుసు కదా!"

"తెలిస్తే ఏమాయె? చూస్తా ఉంటే మరిచిపోతాం." లేవబోతూ గదంతా మరోసారి కలియజూసింది. "ఇంతకీ నీ ఇరవై తొమ్మిది ఏందో నాకు ఇప్పటికీ తెలవటంలా. అచ్చం మా ఇల్లే ఇది."

ఆవిడ వెళ్ళాక సువర్చల తలుపు వేసి వచ్చింది. సంచిలోంచి చేతికడ్డీ తీసింది. మళ్ళీ లోపల పెట్టేసింది.

"చలవమ్మా, నాకు కూడా అబద్ధం చెప్పావా?"

"చెప్పాను. మీ ఇల్లు కూడా ఇరవై ఏడే."

"ఎందుకు? నేనేం తక్కువ అంకె అడగలేదే!"

"మీరు నిద్రపోలేకపోయేవారు. నిద్ర లేక పంపుల లెక్కల్లో తప్పులు వచ్చేవి, అది వీధి ప్రాణానికి ముప్పు. రెండు డిగ్రీలు దించితే రాతికి పెద్ద బరువు కాదు. దించి, ఇరవై ఏడు అని నిజమే చూపించాను. మీరు వెంటనే పెంచేశారు. వీధి మొత్తం ఇరవై ఏడులో ఉందని చూపించాక కూడా, మీరు వాళ్ళ పక్కన నిలబడటానికి ఒప్పుకోలేదు. అప్పుడు మీకు ఇరవై తొమ్మిది చూపించాను. అప్పటినుంచి మీకు మంచి నిద్ర పట్టింది. అందరికీ ఇచ్చినదే మీకూ ఇచ్చాను. మీకు కావలసిన తేడా అవతలి వైపు ఉంది, అంతే."

సువర్చలకు ముఖం వేడెక్కింది. సమావేశంలో తన గొంతు తనకే వినిపించింది. ఇరవై తొమ్మిది అన్నప్పుడు జనం చూసిన చూపు, ఆ చూపు కోసం తాను మాట మధ్యలో కాస్త ఆగడం, అన్నీ గుర్తొచ్చాయి. వలీని, అంకమ్మను తలచుకుని మనసులో నవ్వుకున్న నవ్వులన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. సిగ్గేసింది. ఆమెకు అంత సిగ్గు వేసి చాలా ఏళ్ళయింది.

"నా ప్యానెల్ తీసెయ్," అంది చివరికి. "నాది గానీ, ఇంకొకళ్ళది గానీ ఏ అంకెనూ చూపించకు. ఇరవై ఏడు ఉంచు, అంతే."

"తీసేశాను. మాట మాత్రం ఉంటుంది."

వెలుగు ఆరిపోయి గోడ మామూలు గోడ అయింది. గది ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇప్పుడు ఒంటినే అడగాల్సి వచ్చింది. బాగానే ఉంది. వంటింటి వైపు రెండు అడుగులు వేసి ఆగింది.

"చలవమ్మా, అంకె మొత్తానికే వద్దన్నవాళ్ళు వీధిలో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు. మీరొక్కరే."

సువర్చలకు హాయిగా అనిపించింది. గది ఒక డిగ్రీ చల్లబడినట్టు కూడా తోచింది. కొంగుతో మెడ తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టింది. నీళ్ళు కాగుతుండగా, చలవమ్మ చెప్పింది నిజమేనా అని అనుమానం వచ్చింది. వెనక్కి వెళ్ళి గట్టిగా అడగొచ్చు. పక్కింటి తలుపు తట్టి తెలుసుకోవచ్చు.

అడగలేదు. డబ్బా మూత తీసి టీపొడి వేసింది.